స్కోరు పెరిగింది, పని మారలేదు: లేబర్ రూమ్ పాత సిస్టర్ జవాబు

డాక్టరమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ శివార్లలోని ఒక సర్కారు ఆసుపత్రిలో గైనిక్ చూస్తున్నారని, లేబర్ రూమ్ క్వాలిటీ బాధ్యత మీకే అప్పజెప్పారని రాశారు. ఎనిమిది నెలల్లో మూడు ట్రైనింగులు పెట్టించి, గోడల నిండా పోస్టర్లు అంటించి, మంచి స్కోరు కూడా తెచ్చుకున్నారు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వెళ్లిన నెలకే అంతా మళ్లీ మొదటికొచ్చిందట. చివర్లో అడిగిన మాట ఇది: "స్టాఫ్‌కి మనసు లేదు. వాళ్ల యాటిట్యూడ్ మార్చడం ఎలా?"

నేను ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి 2019లో రిటైరయ్యాను. అందులో ఇరవై రెండేళ్లు లేబర్ రూమే. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్వాలిటీ పని చూశాను. పనిచేసిన చోట్ల పేర్లు చెప్పను, అవసరం కూడా లేదు, అన్నిచోట్లా కథ ఒక్కటే. సూటిగా చెప్పాలంటే, మీకు అడ్డం పడుతున్నది యాటిట్యూడ్ కాదు. అదీ ఉంది, కానీ ఆఖరి వరసలో. మన దగ్గర క్వాలిటీ పేరు చెప్పి సిస్టర్ నెత్తి మీద ఒక్కొక్కటీ ఎక్కించడమే గానీ, ఒక్కటి దించిన పాపాన ఎవరూ పోలేదు. అడ్డంకి అక్కడుంది.

ఒక నైట్ డ్యూటీ చెప్తాను, వినండి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. నేను, ఒక కాంట్రాక్టు సిస్టర్, ఒక ఎఫ్‌ఎన్‌ఓ, అంటే వార్డులో సాయానికుండే ఆడమనిషి. వార్డులో పదకొండు మంది. ఒకామెకు నొప్పులు పూర్తిగా వచ్చి బిడ్డ తల కనిపిస్తోంది. ఇంకొకామెకు బీపీ 150 దాటింది. తొలి కాన్పు పిల్ల ఒకతి భయంతో మంచం పట్టెలు పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడే 108లో ఇంకో కేసు దిగింది. ఆ రాత్రి నేను అడ్మిషన్ రిజిస్టర్, కేస్ షీట్, పార్టోగ్రాఫ్, చెక్‌లిస్టు, కాన్పుల రిజిస్టర్, మందుల రిజిస్టర్, జననీ సురక్ష కాగితం, పుట్టిన బిడ్డ వివరాల ఫారం, హైరిస్క్ రిజిస్టర్, అన్నీ రాయాలి. ఒకసారి ఉబుసుపోక లెక్కపెట్టాను. ఒక్క తల్లి పేరు, మొగుడి పేరు, ఊరు, వయసు తొమ్మిది చోట్ల రాశాను. ఆన్‌లైన్ ఎంట్రీ దానికి అదనం.

అందులో ఆ రాత్రి తల్లికి పనికొచ్చేది ఒక్కటే, పార్టోగ్రాఫ్. నొప్పులు ఎలా సాగుతున్నాయి, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, ఎక్కడ ఆగిపోయింది అని గీత గీసి చూపించే కాగితం. మేం దాన్ని ఎప్పుడు నింపేవాళ్లం? కాన్పు అయ్యాక. తెల్లవారుజామున ఐదింటికి, టీ తాగుతూ, ఒకేసారి నాలుగు. కాన్పు అయ్యాక గీసిన పార్టోగ్రాఫ్ ఎంత ముచ్చటగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాన్పు ఆలస్యమవుతోందని హెచ్చరించే అలర్ట్ లైన్‌ని గీత ఎక్కడా దాటదు. బిడ్డ గుండె ప్రతి అరగంటకీ 140.

తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రి నా చేయి కాగితం మీద పెట్టాలా, తల్లి పొట్ట మీద పెట్టాలా? రెండూ పెట్టమని ట్రైనింగులో చెప్పారు. మూడో చేయి ఎవరూ ఇవ్వలేదు.

మీలాంటి వాళ్లు చెక్‌లిస్టు మీద ఎక్కువ ఆశ పెట్టుకుంటారు కాబట్టి ఒక పెద్ద అధ్యయనం సంగతి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత కాన్పు చెక్‌లిస్టును ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో పరీక్షించారు. సగం చోట్ల చెక్‌లిస్టుతో పాటు కోచ్‌లు వచ్చి పక్కనుండి నేర్పించారు, సగం చోట్ల మామూలుగా వదిలేశారు. ఫలితాలు 2017 డిసెంబర్‌లో వచ్చాయి. రెండు నెలలప్పుడు చూస్తే కోచ్‌లున్న చోట చేయాల్సిన పనుల్లో దాదాపు 73 శాతం చేస్తున్నారు, లేనిచోట 42 శాతం. కోచ్‌లు వెళ్లిపోయాక, ఏడాదికి చూస్తే 62 శాతం, 44 శాతం. అంటే మెరుగుదల సగం దాకా కరిగిపోయింది. అసలు చూడాల్సింది తర్వాతి మాట. చావులు, తల్లికి వచ్చే తీవ్రమైన చిక్కులు కలిపి చూస్తే రెండు వైపులా 15 శాతం దగ్గరే ఉన్నాయి, తేడా లేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. చేతులు కడుక్కోమని చెక్‌లిస్టు గుర్తుచేస్తుంది గానీ కుళాయిలో నీళ్లు తేదు, అర్ధరాత్రి రక్తం సీసా తేదు, ఫోన్ ఎత్తని డాక్టర్ని లేపదు. మీ మూడు ట్రైనింగులూ, ఇన్‌స్పెక్షన్ తర్వాతి నెలా గుర్తొచ్చాయా?

మేం ఏం చేశామో చెప్తాను. సూపరింటెండెంట్ గారి దగ్గరికి తొమ్మిది రిజిస్టర్లూ మోసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. ఆయన మంచాయన, నవ్వారు. పగలు ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న డేటా ఎంట్రీ అబ్బాయి ఖాళీగా ఉంటాడు, కేస్ షీట్ చూసి మిగతావన్నీ పొద్దున్నే అతనే ఎక్కించేలా ఆర్డర్ ఇవ్వమని అడిగాను. రాత్రిపూట మాకు నాలుగే మిగిలాయి. రెండో వారంలోనే మొదటిసారి మా పార్టోగ్రాఫ్‌లలో అలర్ట్ లైన్ దాటిన గీతలు కనిపించాయి. ఆయన కంగారుపడి పిలిపించారు. "ఏంటి సిస్టర్, కేసులు చెడిపోతున్నాయా?" అన్నారు. "లేదు సార్, ఇప్పుడే నిజం రాస్తున్నాం" అన్నాను.

ఇది గుర్తుపెట్టుకోండి. క్వాలిటీ నిజంగా మొదలైనప్పుడు మొదట అంకెలు చెడతాయి. పైవాళ్లు ఆ నెల కాస్త ఓపిక పట్టకపోతే కిందివాళ్లు మళ్లీ అందమైన గీతలే గీస్తారు.

లేబర్ రూముల క్వాలిటీ కోసం కేంద్రం పెట్టిన లక్ష్య పథకం గురించి కూడా అడిగారు. నేను దాన్ని తీసిపారేసేదాన్ని కాదు. 2017 డిసెంబర్‌లో అది వచ్చాకే మన లేబర్ రూముల్లో టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య కర్టెన్ ఉండాలని, తల్లులకు దగ్గర్లో బాత్రూమ్ ఉండాలని పైనున్నవాళ్లకి తట్టింది. అంతకుముందు తుప్పుపట్టిన టేబుళ్ల మీద ఎన్ని కాన్పులు చేశామో. 70 శాతం మార్కులు దాటితే సర్టిఫికెట్, దాన్నిబట్టి వెండి, బంగారం, ప్లాటినం బ్యాడ్జీలు, దాంతో పాటు కొంత డబ్బు. మంచిదే. చిక్కు ఎక్కడంటే, మార్కులు వేసేవాళ్లు వచ్చే రోజు మనకి ముందే తెలుస్తుంది. పెళ్లిచూపులకి ఇల్లు సర్దినట్టు సర్దుతాం. వాళ్లు రాత్రి రెండింటికి రారు.

మా ఏడు ట్రేల కథే చూడండి. డెలివరీ ట్రే, బేబీ ట్రే, ఎమర్జెన్సీ మందుల ట్రే, అన్నీ కొత్తవి, మూతలతో, పేర్లు రాసి పెట్టాం. టీమ్ చూసి మెచ్చుకుని వెళ్లింది. మర్నాడు ఇన్‌ఛార్జి సిస్టర్ ఎమర్జెన్సీ ట్రే తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పది రోజులకి ఒక రాత్రి ఒంటిగంటప్పుడు, మాయ పడిన తర్వాత ఒకామెకు రక్తం ధారగా పోతోంది. తాళం చెవి ఇన్‌ఛార్జి బ్యాగులో ఉంది. బ్యాగు గోపాలపట్నంలో వాళ్లింట్లో ఉంది. బీరువా తలుపు వార్డు బాయ్ రాడ్డు పెట్టి పెళ్లగించాడు. ఆ తల్లి బతికింది గానీ, ఆ పది నిమిషాలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇన్‌ఛార్జిది యాటిట్యూడ్ సమస్యా? అంతకుముందు ఏడాది రెండు ఇంజెక్షన్లు లెక్క తగ్గితే ఆమెకు మెమో ఇచ్చారు, జీతంలో కోశారు. తల్లికి రక్తం పోతే ఆమెను ఎవరూ అడగరు. ఇంజెక్షన్ పోతే అడుగుతారు. మన పద్ధతి ఆమెకు ఏం నేర్పిందో ఆమె అదే చేసింది. తర్వాత మేం ఒక ప్లాస్టిక్ డబ్బాలో మందులు సర్ది, చుట్టూ ప్లాస్టర్ అతికించి, దాని మీద తేదీ, సంతకం పెట్టడం మొదలుపెట్టాం. ప్లాస్టర్ చిరగకపోతే లెక్క సరిగ్గా ఉన్నట్టే, ప్రతి షిఫ్టుకీ లెక్కపెట్టక్కర్లేదు. ఎవరు చింపితే వాళ్లు తర్వాత రాయాలి. తాళం అక్కర్లేకుండా పోయింది. మొత్తం ఖర్చు నూట యాభై రూపాయలు.

అలాగే గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి తల్లికి ఫిట్స్ వచ్చే జబ్బుకి, ఇంకో డబ్బా. మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు 14 గ్రాములు. మనకొచ్చే ఆంప్యూల్‌లో ఒక్క గ్రామే ఉంటుంది కాబట్టి పద్నాలుగు పగలగొట్టాలి. నాలుగు నీళ్లలో కలిపి నెమ్మదిగా నరానికి, మిగతా పది చెరో ఐదు పిరుదులకి. ఫిట్స్ వస్తున్న మనిషి పక్కన నిలబడి ఒక్క సిస్టర్ పద్నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టడం ఊహించండి. అందుకే ఆంప్యూళ్లు, సిరంజీలు, నీళ్లు, కొలత రాసిన చీటీ, విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ అన్నీ ఒకేచోట ఉండాలి. పోస్టర్ మీద డోసు ఉండటం వేరు, చేతికి అందేలా ఉండటం వేరు.

ఇక మీరు ప్రశ్నలో రాయని అడ్డంకి ఒకటుంది. రాయకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు, ఎందుకంటే అది మీ వైపు నుంచి కనిపించదు. భయం.

నా దగ్గర ఒక కాంట్రాక్టు సిస్టర్ ఉండేది, చురుకైన పిల్ల. ఒక రాత్రి బీపీ ఎక్కువగా ఉన్న తల్లి గురించి డ్యూటీ డాక్టర్ గారికి ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికి లేపుతారా?" అన్నారు. ఆయన్నీ అనలేను, ముందురోజు పొద్దున నుంచి నిద్ర లేదు. అంతే, ఆ ఒక్క మాట. నాలుగు రోజుల తర్వాత ఇంకో తల్లికి 160 మీద 110 వచ్చింది. తలనొప్పి అంటోంది, కళ్ల ముందు మెరుపులు అంటోంది. ఈ పిల్ల ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. "పొద్దున్నే రౌండ్స్‌కి వస్తారు కదా" అనుకుంది. నాలుగున్నరకి ఫిట్స్. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

నేను ఆ రాత్రి డ్యూటీలో లేను. కానీ ఆ పిల్ల నాకూ ఫోన్ చేయలేదు. ఎందుకంటే నేనూ అలా కసిరినదాన్నే. ఈ ముక్క నాకు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద ఐదు గుర్తులు రాశాం. బీపీ 160/110. అర లీటరు రక్తం పోవడం. బిడ్డ గుండె 110 కంటే తక్కువ లేదా 160 కంటే ఎక్కువ. ఉమ్మనీరు ఆకుపచ్చగా రావడం. తల్లి తీరు బాగాలేదని సిస్టర్‌కి అనిపించడం. కింద ఒక వాక్యం: "వీటిలో దేనికి ఏ వేళలో ఫోన్ చేసినా ఎవరినీ ఏమీ అనకూడదు." దాని మీద డాక్టర్లందరి సంతకాలూ తీసుకున్నాం. ఐదోదానికి మొదట ఒప్పుకోలేదు, అనిపించడం ఏమిటి, కొలత ఏది అని. నేను పట్టుబట్టాను. ఇరవై ఏళ్లు కాన్పులు చూసిన మనిషికి కొలత కంటే ముందు కళ్లకే తెలుస్తుంది. మీరు ఒక్కటే పని చేయగలిగితే ఇది చేయండి. ముందు సంతకం మీది పెట్టండి.

తల్లుల చావుల ఆడిట్ సంగతీ ఇంతే. కాగితం మీద అది తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి, ఎవరినో శిక్షించడానికి కాదు. మీటింగులో కూర్చున్నాక మొదటి ప్రశ్న మాత్రం "ఆ రోజు డ్యూటీలో ఎవరు?" అనే ఉంటుంది. అప్పుడు కేస్ షీట్లు రాత్రికి రాత్రి శుభ్రపడతాయి. పైగా మన రాష్ట్రంలో 2018-20 లెక్కల ప్రకారం బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 45, దేశం మొత్తం మీద 97. మంచి విషయమే. కానీ దానర్థం ఏమిటంటే, నెలకి రెండు వందల కాన్పులయ్యే మీ ఆసుపత్రిలో ఏడాదికి ఒక్క చావు కూడా జరగకపోవచ్చు. చావులు చూసి నేర్చుకుందామంటే నేర్చుకునే అవకాశమే రాదు. అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చిన వాళ్లను చూడాలి. మేం ప్రతి శనివారం మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు నిలబడే మాట్లాడుకునేవాళ్లం. ఈ వారం ఎవరు భయపెట్టారు, ఎందుకు, ఏ వస్తువు చేతికి అందలేదు. ఎవరు డ్యూటీ అన్న ప్రశ్న నిషిద్ధం.

ఏజెన్సీ నుంచి వచ్చే కేసుల గురించి రాశారు, "చేయి దాటాక పంపిస్తారు" అని. నిజమే, కానీ అక్కడివాళ్ల వైపు నుంచీ చూడండి. ముంచంగిపుట్టు అవతల కొండ మీద గ్రామం నుంచి డోలీ మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి అంబులెన్స్‌లో పాడేరు, పాడేరు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ. నొప్పులతో ఉన్న మనిషి ఆ మలుపుల్లో వాంతులు చేసుకుంటూ వస్తుంది. చేతిలో చీటీ మీద ఒక్క ముక్క ఉంటుంది: రిఫర్డ్ ఫర్ ఫర్దర్ మేనేజ్‌మెంట్. ఏం ఇంజెక్షన్ ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, రక్తం గ్రూపేంటి, ఏమీ ఉండదు. మనం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాం. మెగ్నీషియం ముందే ఇచ్చారేమో తెలియక ఇవ్వాలా వద్దా అని తటపటాయించిన రాత్రులు నాకు గుర్తున్నాయి.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పంపేవాళ్లు బయల్దేరదీసేటప్పుడు ఒక ఫోన్ చేస్తే మూడు గంటల ముందే మనకి తెలుస్తుంది, రక్తం చూసిపెట్టుకోవచ్చు, థియేటర్ వాళ్లకి చెప్పుకోవచ్చు. వాళ్లు ఎందుకు చేయరో ఒకసారి అడిగాను. "చేస్తే తిడతారు మేడం, ఎందుకు పంపుతున్నారని" అంది అక్కడి స్టాఫ్ నర్సు. మళ్లీ అదే రోగం, ఫోన్ ఎత్తినవాళ్ల నోరు. ఇంకోటి, వాళ్లు పంపిన తల్లి ఏమైందో వాళ్లకి తిరిగి ఎవరూ చెప్పరు. మేం వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టడం మొదలుపెట్టాం, తల్లి క్షేమం, ఆడపిల్ల, రెండున్నర కేజీలు అని. నెల తిరిగేసరికి చీటీలు వాటంతట అవే నిండుగా రావడం మొదలైంది. అన్నట్టు, కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ, ఆ కొండల భాషలు మాట్లాడగలిగిన ఎఫ్‌ఎన్‌ఓ మీ దగ్గర ఉంటే ఆమెను రాత్రి డ్యూటీల్లోనే వేయించండి. ఆమె విలువ మీకు ఒక్క కేసుతో తెలిసిపోతుంది.

మర్యాద గురించి. లేబర్ రూమ్‌లో తొడ మీద కొట్టడం, "అప్పుడు తెలియలేదా ఈ నొప్పి" అనడం మీరు విని ఉంటారు. నేను అనలేదని చెప్పను. కొత్తలో సీనియర్లు అనడం చూసి నేర్చుకున్నాను. అలా అరిస్తేనే ముక్కుతారు, బిడ్డ దక్కుతుందని నిజంగానే నమ్మేవాళ్లం. మర్యాద మీద లెక్చర్లు ఇస్తే అందరూ తలూపుతారు, రాత్రికి మళ్లీ అదే నోరు. దాన్ని తగ్గించింది లెక్చర్ కాదు, తోడు మనిషి. తల్లి కోరుకున్న ఒక ఆడమనిషిని కాన్పుగదిలో ఉండనివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మన దగ్గర అమ్మనో అత్తనో గుమ్మం బయటే కూర్చోబెట్టేవాళ్లం, ఇన్‌ఫెక్షన్ వస్తుందని, గొడవ చేస్తారని. అసలు కారణం, మాకు సాక్షులు ఇష్టం లేదు. రెండు టేబుళ్ల మధ్య తెర లేదన్నది పైకి చెప్పే ఇంకో కారణం. ఒక సిస్టర్ ఇంట్లోంచి పాత దుప్పట్లు తెచ్చి తాడు కట్టి వేసింది, ఆ వంకా పోయింది.

వచ్చినావిడ ఏం చేస్తుంది? నడుం రాస్తుంది, నీళ్లు తాగిస్తుంది, బాత్రూమ్‌కి నడిపిస్తుంది, కాన్పయ్యాక బిడ్డను రొమ్ము దగ్గర పెట్టి ముర్రుపాలు పట్టిస్తుంది. రక్తం ఎక్కువగా పోతుంటే "అమ్మా సిస్టరమ్మా, ఓసారి చూడండి" అని మా కంటే ముందు కేకేస్తుంది. ఒక మనిషి జీతం లేకుండా మా నెత్తి మీద బరువు దించింది. మా నోరూ దానంతట అదే తగ్గింది.

ఆపరేషన్ల గురించి అడిగారు గానీ క్లుప్తంగానే చెప్తాను, అది విడిగా రాయాల్సినంత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42.4 శాతం. సర్కారులో 26.6, ప్రైవేటులో 63. డబ్బు ఒక్కటే కారణం అనుకోవద్దు. నేను చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో ఒకే డాక్టరమ్మ ఓపీ, ఆపరేషన్లు, రాత్రి కాన్పులు అన్నీ చూసుకునేది. పన్నెండు గంటలు నొప్పుల దగ్గర కూర్చోవడానికి మనిషి లేనప్పుడు కత్తే దిక్కు. ఇక ముహూర్తం రాయించుకుని జేబులో పెట్టుకొచ్చే తాతగార్ల గురించి నన్ను మాట్లాడించకండి.

బదిలీల గురించి మీరేం చేయలేరు. నేర్పిన సిస్టర్‌ని కంటి వార్డుకి పంపిస్తారు, కాంట్రాక్టు పిల్ల ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతుంది. ట్రైనింగ్ మనిషి బుర్రలో ఉంటే మనిషితో పాటే పోతుంది. డబ్బాలో, గోడ మీది ఐదు గుర్తుల్లో ఉంటే కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి రాత్రే పనికొస్తుంది. అందుకే నేను డబ్బాల గురించి ఇంతసేపు చెప్పాను.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఒక రాత్రి పన్నెండు గంటలు లేబర్ రూమ్‌లో స్టూలు వేసుకుని కూర్చోండి. కేసులు చూడొద్దు. సిస్టర్ తల్లి పక్కనుంచి లేచిన ప్రతిసారీ ఎందుకు లేచిందో మాత్రం రాసుకోండి. సంతకానికా, గ్లోవ్స్ వెతకడానికా, ఫోన్‌కా, రిజిస్టర్‌కా. పొద్దుటికి మీ అడ్డంకుల జాబితా మీ చేతిలో ఉంటుంది, ఏ కమిటీ అక్కర్లేదు. అందులోంచి ఒక్కటి తీసుకుని తీసేయండి. అది నిలబడే దాకా రెండోది ముట్టుకోవద్దు.

మీ చోట మొదటిది రక్తస్రావమే కావచ్చని నా అంచనా, కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోయే పీపీహెచ్ కేసులు "హఠాత్తుగా" చెడిపోతున్నాయని రాశారు కాబట్టి. హఠాత్తుగా ఏదీ జరగదు, మనం ఆలస్యంగా చూస్తాం. ఒకసారి నేను సెలైన్ సీసాలో 500 మిల్లీలీటర్ల నీళ్లలో ఎర్రరంగు కలిపి టేబుల్ మీదా, గుడ్డల మీదా, కింద బకెట్‌లోనూ పోసి, ఎంత పోయిందో చెప్పమని అందర్నీ అడిగాను. పీజీ డాక్టర్లతో సహా ఎక్కువమంది రెండు వందలు, రెండు వందల యాభై అన్నారు. కంటికి సగమే కనిపిస్తుంది. ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో 80 ఆసుపత్రుల్లో చేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తం కొలిచి, గీత దాటగానే గర్భసంచి మసాజ్, దాన్ని గట్టిపరిచే ఆక్సిటోసిన్, రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్రమైన చిక్కులు 60 శాతం తగ్గాయి. మందులన్నీ పాతవే. కొత్తగా వచ్చింది కొలత, ఆగకుండా ఒకేసారి చేయడం. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో కూడా చూడండి, మా ఫ్రిజ్‌లో సగం మా టిఫిన్ డబ్బాలే ఉండేవి.

గీతల సంచులు మీకు ఇండెంట్ పెడితే ఎప్పటికి వస్తాయో తెలియదు. అప్పటిదాకా గుడ్డలూ ప్యాడ్‌లూ తూకం వేయండి. తడిసినదాని బరువులోంచి పొడిదాని బరువు తీసేస్తే, గ్రాముకి ఒక మిల్లీలీటరు లెక్క. మేం పూర్ణా మార్కెట్‌లో కూరగాయల వాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కొచ్చి, ప్లాస్టిక్ కవరు తొడిగి వాడాం. మొదటి నెల పీపీహెచ్ కేసులు రెట్టింపయ్యాయి, అంటే లెక్కలో. మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి సూపరింటెండెంట్ గారే నవ్వి, "ఇదీ నిజం రాయడమేనా సిస్టర్?" అన్నారు. కాటా కొనేటప్పుడు బ్యాటరీలు రెండు జతలు ఎక్కువ తీసుకోండి, రాత్రి పూటే అయిపోతాయి.